పదిహేను అడుగుల గదికి ఎంత పెద్ద టవర్లు?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. లెక్చరర్‌గా రిటైరై కాకినాడలో సొంతిల్లు కట్టుకున్నాను. పాటలు వినడానికని మేడ మీద ఒక గది ప్రత్యేకంగా వేయించాను. 15 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు. కింద విట్రిఫైడ్ టైల్స్, గోడలకి పుట్టీ, ఒకవైపు పెద్ద అద్దాల కిటికీ. వినేది ఎక్కువగా వీణ, వయొలిన్, గాత్రం, పాత తెలుగు సినిమా పాటలు. మా అబ్బాయి వచ్చినప్పుడు ఇళయరాజా. హైదరాబాద్ షోరూములు తిరిగి మూడు టవర్ స్పీకర్ల దగ్గర ఆగాను: కెఫ్ ఆర్11 మెటా, బౌవర్స్ అండ్ విల్కిన్స్ 702 ఎస్3, ఫోకల్ కాంటా నంబర్ 2. మూడోది అన్నిటికన్నా బాగున్నట్టనిపించింది, ధర కూడా దానిదే ఎక్కువ. హోమ్ థియేటర్‌కి వాడే ఏడు చానళ్ల ఏవీ రిసీవర్ ఇప్పటికే ఉంది. ఏది తీసుకోమంటారు? ఇంట్లో రెండేళ్ల మనవడు ఉన్నాడని కూడా చెప్పాలి.

జవాబు: మాస్టారూ, మీరు రాసిన మూడు పేర్లలో దేనికీ నా ఓటు లేదు. కెఫ్‌లోనే ఒక మెట్టు కింద ఉన్న ఆర్7 మెటా తీసుకోండి. మిగిలే డబ్బులో సగం మంచి స్టీరియో యాంప్లిఫయర్‌కి (యాంప్), సగం ఆ గదికి పెట్టండి. ఎందుకంటున్నానో చెప్తాను. అంతా విన్నాక కూడా ఫోకల్ మీదే మనసు లాగుతుంటే దానికీ దారి ఉంది.

నేనూ ఈ గోతిలో పడి లేచినవాణ్ణే. ఇరవై ఏళ్ల కిందట ఒక షోరూములో ఛాతీ ఎత్తు టవర్లు విని మనసు పారేసుకున్నాను. కింద మందపాటి తివాచీ, గోడలకి గుడ్డ, వెనక బరువైన సోఫాలు. ఇవన్నీ అప్పుడు నా కంటికి ఆనలేదు. ఇంటికి తెచ్చి పెడితే, మృదంగం తొప్పి (ఎడమవైపు) మీద ఒక్క దెబ్బ పడగానే గదంతా బూమ్మని మూలిగేది. ఆ మూలుగు తగ్గేలోపు ఇంకో దెబ్బ పడేది. మా ఆవిడ గుమ్మంలోంచి విని "పక్కింట్లో బోరు వేయిస్తున్నారా?" అంది. రెండు నెలలు తీగలు మార్చాను, యాంప్ మార్చాను, కింద గ్రానైటు పలకలు పెట్టాను. స్పీకర్లకి ఏ జబ్బూ లేదు. నా గది అంత బేస్‌ని అరిగించుకోలేకపోయింది, అంతే.

మీరు కొలతలు ఇచ్చారు కనక లెక్క వేసి చూద్దాం. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెట్టింపు పొడవున్న అల ఆ గోడల మధ్య ఇరుక్కుని ఊగుతుంది. మీ 15 అడుగులకి అది దాదాపు 38 హెర్ట్జ్ (సెకనుకి అన్ని ఊపులు), 12 అడుగులకి 47, ఎత్తుకి 56. ఈ మూడు చోట్లా, వాటి రెట్టింపులైన 75, 94, 113 దగ్గరా మీ గది తన సొంత గొంతు కలుపుతుంది. మీరు కూర్చున్న చోటుని బట్టి ఒక స్వరం ఉబ్బుతుంది, పక్క స్వరం మాయమవుతుంది. మీ సైజు గదిలో సుమారు 250 హెర్ట్జ్ దాకా ఇదే వరస. ఆ కిందంతా గది రాజ్యం, స్పీకర్ కంపెనీ పేరు అక్కడ చెల్లదు.

ఇంకో సంగతి. మనం చదివే సమీక్షల్లో చాలావరకు అమెరికాలో రాసినవి. అక్కడి ఇళ్లలో ఎక్కువ గోడలు చెక్క చట్రానికి జిప్సం బోర్డు కొట్టినవి. బేస్ తగిలితే ఆ గోడ కాస్త ఊగి కొంత మింగేస్తుంది, కొంత బయటికి వదిలేస్తుంది. మనది ఇటుక గోడ, సిమెంటు ప్లాస్టరు, పైనా కిందా కాంక్రీటు స్లాబు. లోపల పుట్టిన బేస్ లోపలే తిరుగుతుంది. అందుకని అక్కడివాళ్లు ఒక స్పీకర్ గురించి "బేస్ ఇంకాస్త ఉంటే బాగుండేది" అని రాస్తే, ఆ వాక్యం కింద నేను పెన్సిల్‌తో గీత పెట్టుకుంటాను. అది మన ఇంటికి సరిపోయే స్పీకర్ అన్నమాట.

ఇక మీరు వినే సంగీతానికి కింద ఎంత లోతు కావాలి? వీణకి మెట్ల మీద సాగే తీగలు నాలుగు: సారణి, పంచమం, మందరం, అనుమందరం. శ్రుతిని బట్టి మారుతుంది గానీ, వెస్టర్న్ లెక్కలో 'E' స్వరం దగ్గర ఆధార షడ్జం పెట్టుకుంటే అనుమందరం సుమారు 62 హెర్ట్జ్‌లో పలుకుతుంది. మీ కాకినాడలోనే పుట్టిన చిట్టిబాబు వీణ వినడానికి అంతకన్నా కిందికి పెద్దగా పోనక్కర్లేదు. వయొలిన్, గాత్రం దానికి చాలా పైన. మీ అబ్బాయి ఇళయరాజా పెట్టినప్పుడు బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దాకా దిగుతుంది. అక్కడ మీ గదే 38 దగ్గరా 47 దగ్గరా చెయ్యి కలుపుతుంది కనక, వాడికీ లోటుండదు.

ఇప్పుడు ఆర్11కీ ఆర్7కీ తేడా చూడండి. పై స్వరాలు పలికే ట్వీటర్, నడిమివి పలికే మిడ్‌రేంజ్ రెండింట్లోనూ ఒకటే. బేస్ పలికే ఆరున్నర అంగుళాల వూఫర్లు ఆర్11లో నాలుగు, ఆర్7లో రెండు. కంపెనీ లెక్క ప్రకారం శబ్దం 3 డెసిబెల్‌కి మించి హెచ్చుతగ్గులు కాకుండా ఆర్11 46 హెర్ట్జ్ దాకా, ఆర్7 48 దాకా వెళ్తాయి. తేడా 2 హెర్ట్జ్. ఆ రెండు అదనపు వూఫర్లు ఇంకా లోతుకి వెళ్లడానికి కాదు, పెద్ద హాల్లో గట్టిగా పెట్టినా అలిసిపోకుండా ఉండటానికి. తొమ్మిదడుగుల దూరంలో కూర్చుని రాత్రి పదింటికి వీణ వినే మనిషికి వాటితో ఏం పని?

702లో అయితే వూఫర్లు మూడు. ఆ స్పీకర్‌తో నాకున్న పేచీ మాత్రం బేస్ గురించి కాదు, పైన ఉంది. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెప్పాలి, మొత్తం కొనుగోలు దీని మీదే ఆధారపడి ఉంది కనక.

స్పీకర్ నుంచి మీ చెవికి నేరుగా వచ్చే శబ్దం ఒక పాలు. పక్క గోడలకీ, కిటికీకీ, నేలకీ తగిలి కొన్ని మిల్లీసెకన్ల తర్వాత చేరే శబ్దం ఇంకో పాలు. మీ టైల్స్ గదిలో ఆ రెండో పాలు చాలా ఎక్కువ. కాబట్టి స్పీకర్ మీ ముఖం మీదికి ఏం పంపుతోందన్నది ఎంత ముఖ్యమో, పక్క గోడ మీదికి ఏం విసురుతోందన్నదీ అంతే ముఖ్యం. 702లో మిడ్‌రేంజ్ కోను ఆరు అంగుళాలది. 3 వేల హెర్ట్జ్ దగ్గర శబ్దపు అల పొడవు సుమారు 11 సెంటీమీటర్లు, అంటే కోను వెడల్పుకి దగ్గరగా వచ్చేసింది. అలాంటప్పుడు ఏ కోనైనా టార్చిలైటులా ముందుకే కొడుతుంది, పక్కలకి తగ్గిస్తుంది. ఆ పైన పని అందుకునే ట్వీటర్ చిన్న గోపురం, అదీ డబ్బా నెత్తి మీద విడిగా కూర్చుంది. అది మళ్లీ అన్ని వైపులా వెదజల్లుతుంది. నేరుగా విన్నప్పుడు అతుకు కనపడదు. పక్క గోడకి మాత్రం ముందు తగ్గి, ఆ వెంటనే పెరిగిన శబ్దం తగులుతుంది. తివాచీలున్న గదిలో అది "స్పష్టంగా ఉంది" అనిపిస్తుంది. మీ గదిలో వయొలిన్ తారస్థాయికి వెళ్లినప్పుడు చెవిలో గీసినట్టు ఉంటుందని నా అంచనా.

కెఫ్ వాళ్లు 1988 నుంచీ ట్వీటర్‌ని మిడ్‌రేంజ్ కోను నడిబొడ్డున పెడుతున్నారు. యూని-క్యూ అంటారు దాన్ని. చుట్టూ ఉన్న కోనే ట్వీటర్‌కి గరాటులా పనిచేస్తుంది కనక, చేతులు మారే చోట రెండూ ఇంచుమించు ఒకే వెడల్పున వెలుగు పంచుతాయి. పేరు చివరి మెటా అన్నది ట్వీటర్ వెనక చిట్టడవిలాంటి దారులున్న ఒక బిళ్ల. గోపురం వెనక్కి కొట్టే శబ్దం అందులో తిరిగి తిరిగి చచ్చిపోతుంది. 2020లో చిన్న స్పీకర్లలో మొదలెట్టి తర్వాత ఆర్ వరసకీ తెచ్చారు. నన్నడిగితే మెటా కొసరే, అసలు సరుకు ఆ నడిబొడ్డు ట్వీటరే.

ఇదంతా నా చెవి గొప్పతనంతో చెప్తున్న మాట కాదు. 1980ల్లో కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ అనే శాస్త్రవేత్త తెర వెనక స్పీకర్లు పెట్టి, పేరూ రూపూ తెలియనివ్వకుండా వినిపించి మార్కులు వేయించాడు. ముందుకి సమంగా, పక్కలకి నునుపుగా శబ్దం పంచే స్పీకర్లనే జనం ఎక్కువగా మెచ్చారు. తర్వాత హార్మన్ కంపెనీలో షాన్ ఆలివ్ అవే స్పీకర్లని ఒకసారి తెర వేసి, ఒకసారి తెర తీసి వినిపించాడు. కంటికి కనపడగానే చిన్నదానికి, చవకదానికి మార్కులు పడిపోయాయి. చెవులు అవే, స్పీకర్లూ అవే. మూడింట్లో ధర ఎక్కువున్నదే మీకు నచ్చిందని రాశారు కదా, అందుకే ఇది గుర్తొచ్చింది. తప్పుగా అనుకోకండి, నేనూ కళ్లతో వినేవాణ్ణే.

మరి ఫోకల్ సంగతి. కాంటా మంచి స్పీకరే, తక్కువ చేసి చెప్పను. అవిసె నారని రెండు గాజునార పొరల మధ్య పెట్టి చేసిన కోనులు, బెరీలియం ట్వీటర్. తంత్రీవాద్యాల మీటు అందులో తళుక్కుమంటుంది. వీణ మీద గోరు తగిలిన క్షణం మీకు అక్కడే నచ్చి ఉంటుంది. చిక్కల్లా పాత సినిమా పాటలతో. ఆ మోనో (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చే) రికార్డింగుల్లో గాయకుడి సకారం, షకారం ముందే పదును తేలి ఉంటాయి, టేపు బుసా ఉంటుంది, ఆ పైన మనం వినే కాపీ ఎన్ని చేతులు మారిందో దేవుడికెరుక. కాంటా ఏదీ దాచదు. నున్నటి టైల్స్ మీద పడి తిరిగొచ్చేసరికి ఇంకా మిడిసిపడుతుంది. పైగా అది 40 వేల హెర్ట్జ్ దాకా పలుకుతుందని కాగితం మీద ఉంటుంది. మాస్టారూ, మన వయసు చెవులకి 12 వేలు దాటాక వినపడేది స్వల్పం. మిగతాది ఊళ్లో కుక్కలకి కచేరీ.

షోరూముకి మళ్లీ వెళ్తారు కనక ఒక పరీక్ష చెప్తాను. పెన్‌డ్రైవ్‌లో అయిదు నిమిషాల తంబుర శ్రుతి తీసుకెళ్లండి. తంబురలో కింది నుంచి పై దాకా అనుస్వరాలు (అసలు స్వరంతో పాటు పైన పలికే సన్నటి స్వరాలు) నిండుగా ఉంటాయి, ఆగకుండా మోగుతుంది, తాళం లేదు, సాహిత్యం లేదు, మనసుని పక్కకి లాగేది ఏమీ లేదు. అది పెట్టి లేచి నిలబడండి, కూర్చోండి, మెల్లగా ఈ చివరి నుంచి ఆ చివరికి నడవండి. తంబుర తంబురలాగే ఉంటే ఆ స్పీకర్ పక్కలకి సమంగా పంచుతున్నట్టు. నిలబడగానే ముక్కుతో పాడినట్టో, పక్కకి జరగ్గానే దుప్పటి కప్పినట్టో అయితే లేనట్టు. చాప మీద కూర్చుని వినే అలవాటుంటే కింద కూర్చుని కూడా చూడండి. చెవి ఎత్తు అడుగుకి పైగా తగ్గుతుంది. షోరూముల్లో ఎవరూ ఇలా వినరు, కుర్రాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. తర్వాత ఒక పాత మోనో పాట పెట్టండి. గొంతు రెండు స్పీకర్ల నట్టనడుమ ఒక్క దీపంలా నిలవాలి. అరటాకంత వెడల్పున పరుచుకుంటే జత కుదరలేదన్నమాట.

పోల్చేటప్పుడు మూడింటి గట్టితనం ఒకటే చేయించండి. డెసిబెల్ ఎక్కువున్నది ఎప్పుడూ మెరుగ్గానే వినిపిస్తుంది. యాంప్ ఒకేలా నడిపినప్పుడు వచ్చే గట్టితనం, కాగితం మీద, కాంటాకి 91 డెసిబెల్, ఆర్11కి 90, ఆర్7కి 88. వాల్యూమ్ ముల్లు కదపకుండా ఒకదాన్నించి ఇంకోదానికి మారిస్తే కాంటాకి అక్కడే 3 డెసిబెల్ ఉచితంగా కలిసొచ్చింది. ఆ తేడా యాంప్‌లో రెట్టింపు వాట్లతో సమానం. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ చాలు.

వాట్ల మాట వచ్చింది కనక మీ రిసీవర్ దగ్గరికి వద్దాం. ఈ స్పీకర్లన్నిటి విద్యుత్ నిరోధం కొన్ని స్వరాల దగ్గర ఇంచుమించు 3 ఓమ్‌లకి దిగిపోతుంది. కాగితం మీద 8 అని ఉన్నవి కూడా. అప్పుడు అవి లాగే కరెంటు ఇవ్వడానికి యాంప్‌లో బరువైన ట్రాన్స్‌ఫార్మరో, గట్టి పవర్ సప్లయో ఉండాలి. ఏడు చానళ్లని ఒకే డబ్బాలో ఇరికించిన రిసీవర్ అక్కడ వేడెక్కుతుంది. వెనక 4 ఓమ్‌ల స్విచ్ ఉంటుంది గానీ, మామూలుగా అది రిసీవర్‌ని కాపాడటానికి పవర్‌ని తొక్కిపెట్టేదే. రెండు చానళ్ల ఇంటిగ్రేటెడ్ యాంప్ చూడండి. 8 ఓమ్‌ల దగ్గర వందో నూట ఇరవయ్యో వాట్లు, 4 ఓమ్‌ల దగ్గర రెట్టింపుకి దగ్గరగా ఇవ్వగలిగితే చాలు. అంతకు మించి యాంప్ మీద పోయకండి. తీగలకి ఎలక్ట్రికల్ షాపులో దొరికే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, మీటర్ల లెక్కన. 200 గంటలు మోగిస్తే గాని స్పీకర్ సెట్ కాదని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి. అప్పటికి సెట్ అయ్యేది మన చెవి.

గది పని ముందే మొదలెట్టండి, స్పీకర్లు రాకముందే. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. ట్ర్ర్ర్ అని గోడల మధ్య పిట్ట కొట్టుకున్నట్టు వినపడుతుంది, పందెం. కిటికీకి నేల దాకా దిగే మందపాటి కర్టెన్లు, కుచ్చులు బాగా పెట్టి. మీకూ స్పీకర్లకీ మధ్య నేల మీద పెద్ద తివాచీ. మీ వెనక గోడకి పుస్తకాల బీరువా, అద్దం తలుపులు లేనిది. లెక్చరర్ గారింట్లో పుస్తకాలకి కరువుండదు కదా. ఇనప బీరువా మాత్రం ఆ గదిలో వద్దు, ప్రతి బేస్ స్వరానికీ తాళం వేస్తుంది. ఇవి పై శబ్దాలకి. బేస్‌కి తివాచీలు అడ్డం రావు. రెండు మూలల్లో నేల నుంచి పైదాకా, కనీసం నాలుగంగుళాల మందం ఉన్న రాక్ ఊల్ పలకలు గుడ్డ చుట్టి నిలబెట్టాలి. ఇంటీరియర్ పని చేసే వడ్రంగి చట్రం కట్టిస్తాడు. అయినా 38 దగ్గర కొంత మిగులుతుంది, దాన్ని చంపడం కష్టం.

స్పీకర్లని 12 అడుగుల గోడ వైపు పెట్టి, పొడుగు వైపుకి కొట్టించండి. వెనక గోడకి రెండడుగులు తగ్గకుండా జరపండి, మూడైతే మరీ మంచిది. మీ కుర్చీని ఎదుటి గోడకి ఆనించకండి, అక్కడ బేస్ పోగుపడుతుంది. గది సరిగ్గా మధ్యలోనూ వద్దు, 38 హెర్ట్జ్ అక్కడ మాయం. మీ వెనక గోడకి నాలుగూ అయిదూ అడుగుల మధ్య ఎక్కడో మీ చోటు దొరుకుతుంది. అయిదారు నెలలు విన్నాక ఇంకా ఏదో స్వరం ఉబ్బుతోందనిపిస్తే, కాలిబ్రేట్ చేసిన యూఎస్‌బీ మైకు ఒకటి కొని, ఆర్‌ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కొలుచుకోవచ్చు. అప్పుడు మళ్లీ ఉత్తరం రాయండి.

ఫోకల్‌కి దారి ఉందన్నాను. గది పని అంతా పూర్తయ్యాక, ఆర్7నీ కాంటానీ ఇంటికి తెచ్చి వినిపించడానికి షోరూము ఒప్పుకుంటే, మీ పాత పాటలతో ఒక సాయంత్రం కూర్చోండి. కాంటాని మీ ముఖం వైపు తిప్పకుండా తిన్నగా ముందుకి చూసేట్టు పెడితే పదును కాస్త తగ్గుతుంది. అప్పటికీ అదే గెలిస్తే తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

మనవడి గురించి. సుమారు ముప్పై కిలోల నిలువు డబ్బా అది. కింద ఇచ్చే వెడల్పాటి పీఠం తప్పకుండా బిగించండి, వాడు పట్టుకుని లేవడానికి ప్రయత్నిస్తాడు. ట్వీటర్ గోపురం పిల్లల వేలికి పిలుపులాంటిది, వాడు గదిలో ఉన్నంతసేపూ జాలీ వేసే ఉంచండి. పీఠానికుండే ముళ్లు నేరుగా టైల్స్ మీద పెడితే గీతలు పడతాయి, కింద బిళ్లలు వేయండి. పనిమనిషికి తడిబట్ట స్పీకర్ అడుగుకి తగలనివ్వొద్దని మొదటి రోజే చెప్పండి. డబ్బా ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన పలక), నీళ్లు పీలిస్తే ఉబ్బుతుంది. మీది సముద్రగాలి తగిలే ఊరు కనక ఏడాదికోసారి వెనక తీగలు విప్పి, చివర్లు పచ్చబడ్డాయేమో చూసి కత్తిరించి మళ్లీ బిగించండి. ఆర్7 వెనక రెండు రంధ్రాలుంటాయి, వాటిలో పెట్టే స్పాంజి బిరడాలు పెట్టెలోనే వస్తాయి. గోడకి మరీ దగ్గరైతే బేస్ తగ్గించడానికని ఇస్తారు. మా ఇంట్లో వాటిని ఊరెళ్లినప్పుడల్లా పెట్టి వెళ్తాం, ఒకసారి తిరిగొచ్చేసరికి ఎడమ స్పీకర్లో బల్లి కాపురం పెట్టింది.